నందిగామ చీకటిగదిలో గుగ్గిళ్ళు

మా పెద్దమ్మకి రెండు సంగతులంటే అస్సలు గిట్టేది కాదు. ఒకటి, తన కళ్ళ ముందు మనిషి ఆకలితో కూర్చోవటం. రెండోది, నా ఎక్స్‌రే గది. మొదటిది ఆవిడ ఊరు చిల్లకల్లులో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. వాళ్ళ ఇల్లు హైదరాబాదు రోడ్డు పక్కనే ఉండేది. టైరు పగిలి ఆగిన లారీవాళ్ళూ, బస్సు తప్పిపోయినవాళ్ళూ అరుగు మీద కూర్చుంటే వాళ్ళ చేతిలో విస్తరి పడేదాకా ఆవిడకి ఊపిరాడేది కాదు. రెండోది నాకు మాత్రమే తెలుసు. ఎందుకంటే తిట్లన్నీ నాకేగా!

అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. చదివించిందీ ఆవిడే. తీరా నేను డాక్టర్నయి, ఎక్స్‌రే చదువు కూడా చదివి, జగ్గయ్యపేటలో మా ఆయనతో కలిసి ఆసుపత్రి పెట్టుకుంటే, మొదటిసారి ఆ గదిలోకి తొంగిచూసి, "ఇంత చదువు చదివి చివరికి చీకటి కొట్టులో కూర్చుంటావటే? ఆడపిల్ల వైద్యం చేస్తానంటే పురుళ్ళు పోస్తదనుకున్నా" అని నిట్టూర్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకసలే ముక్కు మీద కోపం. అది కూడా ఆవిడ పెంపకమే.

ఇది పంతొమ్మిదివందల అరవైల మధ్యలో మాట. ఒక వేసవిలో పెద్దమ్మ చిక్కిపోయింది. జాకెట్లు వదులయ్యాయని తనే సూది దారం పట్టుకుని కుట్టుకుంటుంటే అడిగాను. ఎండలే, ఏం కాదులే అంది. తర్వాత మా ఆయన దగ్గరికి వెళ్ళి, నాకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని, "విరేచనంలో రక్తం పడతంది అల్లుడూ, మొలలే అయ్యుంటాయి, ఏదన్నా మందివ్వు" అని అడిగింది. ఆయన ఆ ఒట్టుని కాసేపు కూడా నిలబెట్టుకోలేదు. నాకు చెప్పేశాడు.

పట్టుబట్టి ఆముదం తాగించి, బేరియం ఎనిమా ఇచ్చి ఫిల్ము తీశాను. బేరియం అంటే తెల్లటి పొడి, నీళ్ళలో కలిపితే గోడకి కొట్టే సున్నంలా ఉంటుంది. దాన్ని రబ్బరు గొట్టంతో పెద్దపేగులోకి పంపిస్తే, పేగు ఆకారం ఫిల్ము మీద తెల్లగా పడుతుంది. పెద్దమ్మ ఫిల్ములో ఎడంపక్క ఒకచోట ఆ తెలుపుని ఎవరో కొరికినట్టు చిన్న ఖాళీ ఉంది. అది కేన్సరు గడ్డ కావచ్చు. లేదా పేగులో మిగిలిపోయిన మలం ముద్ద కావచ్చు. ఆవిడ ఆముదం తాగాక, నాకు తెలియకుండా నాలుగు ముద్దలు పెరుగన్నం తినేసి వచ్చింది కాబట్టి పేగు సరిగా శుభ్రపడలేదు. మా మెషీను చిన్నది, ఫిల్ము తీయటం తప్ప ఇంకేం రాదు. లోపల కదులుతున్నది కదులుతున్నట్టు చూడాలంటే స్క్రీను ఉన్న మెషీను కావాలి.

"ఇంకోసారి తీద్దాం పెద్దమ్మా" అన్నాను.

"ఇంకోసారా? ఆ సున్నం నీళ్ళా? నీకో దణ్ణం తల్లీ."

"అది గడ్డయితే ఆపరేషన్ చెయ్యాలి. ఆలస్యం చేస్తే ఆపరేషన్‌కి కూడా లొంగదు."

"నీ చీకటి కొట్టులో ఏదో మచ్చ కనపడిందని నన్ను కోయిస్తావా? చాల్లే ఊరుకో!"

అంతే. ఎంత అరిచినా, ఏడ్చినా వినలేదు. ఆవిడ లేకపోతే నాకు పుట్టిల్లు లేదు. ఆ ఫిల్ముని రోజూ తీసి చూసేదాన్ని. ఒకరోజు అది గడ్డలా కనిపించేది, ఇంకో రోజు పెరుగన్నంలా కనిపించేది. చూసిచూసి నాకే మతిపోయేలా ఉండేది.

ఆ రోజుల్లోనే నందిగామ నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక పెద్ద డాక్టరుగారు ఉండేవారు. చుట్టుపక్కల స్క్రీను ఉన్న మెషీను ఆయన దగ్గరే ఉండేది. పెద్దపేగు కేన్సరుని ఎక్స్‌రేలో తొందరగా పట్టుకోవటం ఎలాగో నేర్పించడానికి మెడికల్ కాలేజీ ప్రొఫెసరుగారిని పిలిపిస్తున్నారట. మా ప్రాంతంలో ఎక్స్‌రే పెట్టుకున్న డాక్టర్లందరూ రావాలి. వచ్చే ప్రతివాళ్ళూ ఒక పేషెంటుని వెంట తెచ్చుకోవాలి.

నేను చిల్లకల్లు వెళ్ళి వాకిట్లో మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. అది నటన కాదు, నిజంగానే దిగులు.

"ఏమైందే?"

"నందిగామలో అందరూ పేషెంట్లని తీసుకొస్తారు. నేనే ఉత్తచేతులతో పోవాలి."

పెద్దమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది. "ఉత్తచేతులతో ఎట్టా పోతావే? నలుగురూ ఏమనుకుంటారు? వెనకా ముందూ ఎవళ్ళూ లేని పిల్లనుకోరూ?"

"మరి ఎవరొస్తారు?"

కాసేపు చేటలో బియ్యాన్ని వేలితో గీసింది. "నేనొస్తాలే. కానీ చెప్తున్నా, మగాళ్ళు నా మొహం చూడకూడదు. దుప్పటి నువ్వే కప్పాలి, గొట్టం నువ్వే పెట్టాలి. ఆ తర్వాత నలుగురు డాక్టర్లూ చూసి గడ్డే అంటే అప్పుడాలోచిస్తా. నీ ఒక్కదాని మాట మీద మాత్రం ఒప్పుకోను."

"దీపాలార్పాకే వాళ్ళు లోపలికొస్తారు పెద్దమ్మా. అంతా చీకటే."

"హమ్మయ్య! ఇన్నాళ్ళకి ఆ చీకటి ఒక పనికొచ్చింది."

శిక్షణకి ముందురోజు పొద్దున్నే నందిగామ చేరాం. పెద్దమ్మ పెళ్ళికి తరలినట్టు తరలింది. మరచెంబు, చాప, దుప్పట్లు, గిన్నెలు, ఒక సంచీడు అలసందలు. దిగీ దిగగానే అలసందలు నానబోసింది. ఎందుకని అడిగితే, "రేపు మీ పనయ్యాక అందరూ నీరసంగా ఉంటారు కదే, గుగ్గిళ్ళు చేస్తా" అంది. నిజమే కదా అనుకున్నాను.

పేషెంట్లందరినీ ఆసుపత్రి వరండాలో చాపల మీద పడుకోబెట్టారు. ఒకాయన చందర్లపాడు రైతు. ఇంకొకాయన నందిగామవాడే, లారీ డ్రైవరు, సాయిబుగారు, మాటకారి మనిషి. మిగతావాళ్ళు అటూ ఇటూ పల్లెలవాళ్ళు. అందరికీ ఆముదం పట్టించాం. నేనే ఒక్కొక్కరి దగ్గరా నిలబడి, "రేపు పరీక్ష అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప నోట్లో ఏమీ వేసుకోకూడదు. పేగు కడిగిన గిన్నెలా ఉండాలి" అని కళ్ళెర్రజేసి మరీ చెప్పాను. పెద్దమ్మకి ఇంకో రెండు ఎక్కువే చెప్పాను. "పోయినసారి పెరుగన్నం సంగతి నాకు తెలుసు" అన్నాను. ఆవిడ మూతి తిప్పుకుంది.

ఆ సాయంత్రమంతా ప్రొఫెసరుగారు మాకు పాఠం చెప్పారు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి. ఎంత పెద్ద విషయమైనా నవ్వుతూ చెప్పేవారు. పేగు చుట్టూ గడ్డ పెరిగితే ఫిల్ములో ఎలా ఉంటుందో బోర్డు మీద బొమ్మ వేసి, "ఇంగ్లీషు పుస్తకంలో దీన్ని ఏపిల్ పండుతో పోల్చారు. మీరు ఏపిల్ ఎప్పుడు చూస్తారో నాకు తెలీదు కానీ, జామకాయని రెండు పక్కలా కొరికితే మధ్యలో మిగిలింది ఎలా ఉంటుందో గుర్తుపెట్టుకోండి" అన్నారు. మేం పాఠంలో మునిగిపోయి వరండా సంగతే మర్చిపోయాం.

మర్నాడు పొద్దున ఇంకో తమాషా జరిగింది. స్క్రీను మీద బొమ్మ చాలా మసగ్గా ఉంటుంది. అది కనపడాలంటే కళ్ళు ముందే చీకటికి అలవాటు పడాలి. అందుకని ఎర్ర అద్దాల కళ్ళజోళ్ళు పెట్టుకుని కాసేపు కూర్చోవాలి. గదిలో ఉక్కగా ఉందని డాక్టర్లందరం ఎర్ర కళ్ళజోళ్ళతో వీధి వైపు బెంచీల మీద వరసగా కూర్చుని కాఫీ తాగాం. అంతే! వీధిలో జనం పోగయ్యారు. డాక్టర్లందరికీ కళ్ళకలక వచ్చిందన్న వార్త బజారంతా పాకింది. పక్కింటావిడ పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపేసుకుంది. పెద్దమ్మ వరండాలో నుంచి తలెత్తి చూసి, "మీ జబ్బే మీకు తగ్గలేదు, మాకేం వైద్యం చేస్తారే?" అంది. ప్రొఫెసరుగారు నవ్వి నవ్వి కాఫీ చొక్కా మీద ఒలకబోసుకున్నారు.

నందిగామ డాక్టరుగారు పక్కనున్న రైసుమిల్లుకి కబురు పెట్టి ఆ పూట మిల్లు ఆపించారు. మిల్లు తిరిగితే కరెంటు నీరసించి మా స్క్రీను ఆరిపోయేది. దీపాలార్పేసి పని మొదలుపెట్టాం.

స్క్రీను మీద బేరియం నల్లగా కనిపిస్తుంది. ఫిల్ముకి సరిగ్గా తిరగేసి. మొదట చందర్లపాడు రైతుని పడుకోబెట్టారు. ఆయన పేగులో ఆ నలుపు మధ్య గుండ్రటి తెల్లచుక్కలు. ఒకటి కాదు రెండు కాదు, బోలెడు! "పాలిప్‌లు!" అన్నాడొక కుర్ర డాక్టరు. పాలిప్ అంటే పేగులో మొలిచే చిన్న కాయ. ముదిరితే కేన్సరయ్యే అవకాశం ఉంటుంది. అందరం గుండెలు పట్టుకున్నాం. రెండో పేషెంటుకీ అంతే, చుక్కలే చుక్కలు. మూడో మనిషికీ అంతే.

"ఏమండీ డాక్టరుగారూ, నందిగామ నీళ్ళలో ఏముందండీ?" అన్నారు ప్రొఫెసరుగారు చీకట్లో.

నందిగామ డాక్టరుగారు దిగులుగా అన్నారు, "నేనూ ఆ నీళ్ళే తాగుతున్నానండీ."

అప్పుడు లారీ డ్రైవరు వంతు వచ్చింది. అతని పేగులోనూ చుక్కలే. ప్రొఫెసరుగారు సీసపు తొడుగు వేసుకున్న చేత్తో పొట్ట మీద నెమ్మదిగా నొక్కారు. చుక్కలు పక్కకి జరిగాయి. "ఎడంపక్కకి తిరుగు బాబూ" అన్నారు. అతను తిరిగాడు. చుక్కలన్నీ దొర్లుకుంటూ అటే పోయాయి.

"చూశారా, ఇవి పాలిప్‌లు కావు. పాలిప్ పేగు గోడకి అంటుకుని ఉంటుంది, ఎటు తిప్పినా ఉన్నచోటే ఉంటుంది. ఇవి కదులుతున్నాయి. అంటే తిన్నదేదో ఇది. ఏం తిన్నావయ్యా?"

"గుగ్గిళ్ళండీ" అన్నాడు డ్రైవరు నిబ్బరంగా. "నిన్న దీపాలు పెట్టే వేళకి ఆ డాక్టరమ్మగారి పెద్దమ్మగారు అందరికీ పెట్టారండి. పచ్చికొబ్బరి కూడా వేసారు. భలే ఉన్నాయండి!"

చీకట్లో ఎవరో ఫక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఒక్క నేను తప్ప. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలుపు తోసుకుని వరండాలోకొచ్చి పడ్డాను.

"పెద్దమ్మా! ఏం చేసావో తెలుసా? అందరి కడుపుల్లో నీ గుగ్గిళ్ళే దొర్లుతున్నాయి! నా పరువు గంగలో కలిపేసావు! ఏమీ పెట్టొద్దని చెప్పానా లేదా?"

"అరవమాకే, అందరూ వింటన్నారు. ఏం చెయ్యమంటావు మరి? ఆముదం తాగి మొహాలు పీక్కుపోయి పడున్నారు. ఆ రైతు నా వంక చూసిన చూపు నువ్వు చూళ్ళేదు. నేను అన్నం పెట్టలేదుగా? గుప్పెడు గుగ్గిళ్ళు పెట్టా. గుగ్గిళ్ళు కూడా ఒక తిండేనా?"

మా వైపు అంతే. ఎన్ని తిన్నా, అన్నం తినకపోతే ఏమీ తిననట్టే లెక్క. ఆ మాట నాకు ముందే తట్టి ఉండాల్సింది. కానీ కోపంలో ఉండగానే నాకు ఇంకో సంగతి తట్టి, గుండె ఒక్కసారి తేలికైపోయింది. పోయినసారి పెరుగన్నం తిని వచ్చింది. ఈసారి గుగ్గిళ్ళు. వండి పెట్టిన చెయ్యి తినకుండా ఉంటుందా! అయితే ఆ ఫిల్ములో మచ్చ కూడా తిన్నదే అయ్యుంటుంది. ఇవాళ పక్కకి తిప్పితే ఈవిడ పేగులోవీ అలాగే దొర్లిపోతాయి. నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. ఆవిడ బుగ్గ గిల్లాను.

"నీకేమన్నా పిచ్చా? ఇప్పుడేగా తిట్టావు" అంది పెద్దమ్మ.

లోపలికి తీసుకెళ్ళి బల్ల మీద పడుకోబెట్టాను. మాటిచ్చినట్టే నేనే గొట్టం పెట్టి, మెడ దాకా దుప్పటి కప్పి, మొహం మీద పైట సర్దాను. దీపాలార్పాక డాక్టర్లు లోపలికొచ్చి వెనక నిలబడ్డారు. ప్రొఫెసరుగారు స్క్రీను ముందు నుంచి పక్కకి జరిగి, "మీ కేసు కదమ్మా, మీరే చూసి చెప్పండి" అన్నారు.

బేరియం నెమ్మదిగా పేగులోకి పాకింది. గుగ్గిళ్ళ కోసం చూశాను. ఒక్క చుక్క కూడా లేదు. ఎక్కడా ఏమీ లేదు. పేగు కడిగిన గిన్నెలా ఉంది, నేను చెప్పినట్టే. ఎడంపక్కకి వచ్చేసరికి, ఆ నల్లటి దారిలో అదే చోట, అదే కొరుకు. చేత్తో నొక్కాను. కదల్లేదు. పక్కకి తిరగమన్నాను. తిరిగింది. కదల్లేదు. ఇటు తిప్పాను. అది ఉన్నచోటే ఉంది.

"పెద్దమ్మా" అన్నాను. "నువ్వు గుగ్గిళ్ళు తిన్లేదా?"

"నేనెట్టా తింటానే? నువ్వొద్దన్నావుగా. పరాయివాళ్ళు తిన్నా సరిపోద్దిగానీ, సొంత పెద్దమ్మే నీ మాట వినలేదంటే ఇంతమంది డాక్టర్లలో నువ్వు తలెత్తుకోగలవా?"

గదిలో ఎవరూ నవ్వలేదు. నా కళ్ళలో నీళ్ళు నిండి స్క్రీను అలుక్కుపోయింది. ప్రొఫెసరుగారు నా భుజం మీద చెయ్యి వేసి, "చెప్పండమ్మా, ఏం కనిపిస్తోంది?" అన్నారు మెల్లగా. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. పేగులో ఏ భాగమో, ఎంత మేరో, గోడకి ఎటువైపో. ఆవిడకి అర్థం కాకూడదనే.

"ఏమే" అంది పెద్దమ్మ పైట కింద నుంచి. "తెలుగులో చెప్పు. పొట్ట నాది కదా."

"కదలట్లేదు పెద్దమ్మా. గడ్డే. చిన్నదే, ఒక పక్కే ఉంది. ఇప్పుడు తీయించేస్తే పోతుంది."

"నలుగురూ చూసారా?"

ప్రొఫెసరుగారు చూశారు. నందిగామ డాక్టరుగారు చూశారు. వెనకున్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే ముందుకొచ్చి చూసి, "అవునమ్మా" అన్నారు. కుర్ర డాక్టరు చివర్లో వచ్చి, "అవును పెద్దమ్మగారూ" అన్నాడు, తన సొంత పెద్దమ్మతో అన్నట్టు.

ఆవిడ మొహం మీద పైట సర్దుకుంది.

"సరే, కోయించు" అంది. "మీ చూట్టం అయిపోతే ఈ గొట్టం తియ్యి. నిన్నట్నుంచీ ఏం తిన్లేదు, కడుపు కాలిపోతంది."

అంతా అయ్యాక వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది. గిన్నెలో అడుగున ఇన్ని గుగ్గిళ్ళు మిగిలాయి. మెత్తటి తిండి పెట్టాలని డాక్టరుగా నాకు తెలుసు. ఆవిడ అడిగింది మాత్రం గుగ్గిళ్ళే. చారు అన్నం తెప్పించి కలిపి పెట్టి, చివర్లో నాలుగు గుగ్గిళ్ళు నా చేత్తో నోట్లో వేశాను. నమిలి, "పచ్చిమిరగాయ చాల్లేదు" అంది. నేను ఏడుస్తూనే నవ్వాను. వెళ్ళబోతూ ప్రొఫెసరుగారు ఆగి, ఇన్నేళ్ళుగా చెప్తున్న పాఠాన్ని ఆ గుగ్గిళ్ళు చెప్పినంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయానని ఆవిడకి చేతులెత్తి నమస్కారం పెట్టారు. ఆవిడ, "బాబూ, మీరూ నాలుగు తినండి" అంది.

గుంటూరులో ఆపరేషనైంది. ఇంకో ఏడాది ఆగుంటే తాము చేయగలిగింది పెద్దగా ఉండేది కాదని సర్జనుగారు అన్నారు. పెద్దమ్మ అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆసుపత్రి చారుని తిట్టుకుంటూ, పక్క మంచాలవాళ్ళకి పండ్లు పంచుకుంటూ గడిపి, నడుచుకుంటూ ఇంటికొచ్చింది. జాకెట్లు మళ్ళీ బిగుతయ్యాయి.

తర్వాత మేం కూడా అప్పో సప్పో చేసి స్క్రీను ఉన్న మెషీను కొన్నాం. మళ్ళీ శిక్షణ పెట్టినప్పుడు ప్రొఫెసరుగారు జగ్గయ్యపేటలోనే పెడదామన్నారు. పెద్దమ్మ అడగకుండానే ముందురోజే దిగింది, సంచీడు అలసందలతో. నా గుండె గుభేలుమంది. కానీ ఈసారి ఆవిడ పేషెంట్ల వరండా గుమ్మంలో పీట వేసుకుని, గుగ్గిళ్ళ గిన్నెకి మూతపెట్టి ఒళ్ళో పెట్టుకుని కాపలా కూర్చుంది. ఎవరైనా ఆకలంటే ఆవిడ మొహం చిన్నబోయేది, చెయ్యి మూత మీదకి పోయేది. అయినా మనసు గట్టి చేసుకుని, "ఓర్చుకో నాయనా. నా కడుపు ఖాళీగా ఉండబట్టే నా గడ్డ మా పిల్లకి కనపడింది. మీ కడుపు నిండా తిండుంటే పాపం దానికేం కనపడుద్ది?" అనేది.

మధ్యాహ్నం నేను చీకటిగదిలోంచి ఒక నిమిషం బయటికొచ్చాను. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు తాగలేదు. ఎర్ర కళ్ళజోడుతోనే గిన్నె మూత తీయబోతే, పెద్దమ్మ నా చేతి మీద ఫెళ్ళున ఒక్కటిచ్చింది.

"లోపల ఇంకో మనిషి ఉన్నాడుగా? ఆయన తిన్నాకే నువ్వు. పో, పోయి సరిగ్గా చూడు."

చెయ్యి చురుక్కుమంది. ఆ దెబ్బలో ఎంత బలముందో చూసుకుని నాకు పట్టలేనంత సంతోషం వేసింది. చెయ్యి రుద్దుకుంటూ లోపలికి పోయి దీపం ఆర్పేశాను.